‘లాభసాటిగా’ అన్న మాటకు నాలుగు ప్రశ్నలు

కోళ్ల పెంపకం లాభసాటిగా ఉన్నదని పత్రికల వ్యవసాయ పుటలు చెబుతుంటాయి. నష్టాలలో కూరుకుపోయిన కర్మాగారాన్ని మళ్లీ లాభసాటిగా నడిపిస్తామని కొత్త యాజమాన్యం ప్రకటిస్తుంది. మసీదు వీధిలో దుకాణం అద్దెకు తీసుకోదలచిన యువకుడు పక్క దుకాణదారుని సమీపించి, “ఇక్కడ లాభసాటిగా సాగుతుందా, భాయ్?” అని అడుగుతాడు. ఏళ్ల తరబడి గల్ఫ్ దేశంలో చెమటోడ్చి ఇల్లు చేరిన పెద్దమనిషి, దాచుకున్న నాలుగు రాళ్లు ఎక్కడ పెడితే లాభసాటిగా ఉంటుందో చెప్పమని బంధువులను సంప్రదిస్తాడు.

ఇంతగా మన నోళ్లలో నలిగే మాట కనుక దీని అర్థం అందరికీ తెలిసినదేనని అనుకుంటాము. వాస్తవానికి ఈ మాట ఒక విషయాన్ని చెబుతూనే మరొక విషయాన్ని మరుగుపరుస్తుంది. ఆ మరుగున పడిన విషయమే ఒక్కొక్కసారి ఇంటిల్లిపాది బ్రతుకునూ తలకిందులు చేస్తుంది. కనుక ఈ ఒక్క మాటను చేతిలోకి తీసుకొని, నాణేన్ని గీటురాయిపై గీసి చూసినట్లు పరిశీలించడం అవసరమని మేము భావిస్తున్నాము.

మాట ఎలా ఏర్పడింది?

‘లాభం’ సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన పదం. పొందడం అన్నది దాని మూలార్థం. పొందినది ఏదైనా లాభమే. అందుకే మన భాషలో ధనలాభంతో పాటు పుత్రలాభం, విద్యాలాభం వంటి మాటలు కూడా ఉన్నాయి. కాలక్రమంలో బజారు ఈ పదాన్ని తన సొంతం చేసుకున్నది. పెట్టుబడి, ఖర్చులు పోగా మిగిలినదే లాభమన్న అర్థం స్థిరపడింది.

‘లాభసాటి’ విశేషణం. లాభసాటి వ్యాపారం, లాభసాటి పంట అంటాము. దానికి ‘గా’ చేరితే క్రియావిశేషణమవుతుంది. ఈ ‘గా’ అన్న ప్రత్యయం ‘అగు’ అనే క్రియకు చెందినది. కనుక ‘లాభసాటిగా’ అంటే లాభం తెచ్చే విధమైనదై అని చెప్పుకోవచ్చు. వ్యాపారం లాభసాటిగా నడుస్తోంది, తోట లాభసాటిగా ఉంది, పాత యంత్రాన్ని లాభసాటిగా అమ్మాడు అన్నవి దీని సాధారణ ప్రయోగాలు.

‘లాభానికి అమ్మాడు’ అన్నదానికీ ‘లాభసాటిగా అమ్ముతున్నాడు’ అన్నదానికీ కొంత తేడా ఉన్నది. మొదటిది ఒక్క బేరానికి సంబంధించిన లెక్క. రెండవది నిలకడగా సాగుతున్న తీరును సూచిస్తుంది. ఇక ఇంకా ప్రారంభం కాని వ్యాపారాన్ని గురించి ‘లాభసాటిగా ఉంటుంది’ అన్నప్పుడు అది కేవలం అంచనా. నడుస్తోందన్నది అనుభవం, ఉంటుందన్నది ఆశ. మోసపు పథకాలన్నీ ఈ రెంటి మధ్యనున్న సన్నని గీతను చెరిపివేయడంతోనే మొదలవుతాయి.

ఈ మాటకు పొరుగున ‘గిట్టుబాటుగా’ అన్న మరో మాట ఉన్నది. రైతు గిట్టుబాటు ధర అడుగుతాడే గాని లాభసాటి ధర అడగడు. విత్తనం, ఎరువు, కూలి, తన ఇంటివారి కష్టం కలిపి పెట్టినది పెట్టినట్లు తిరిగి వచ్చి, ఇల్లు గడిచేపాటి మిగులు ఉంటే గిట్టుబాటు. లాభసాటి అంటే అంతకు మించిన మిగులు. కొనేవారికీ అమ్మేవారికీ గిట్టినప్పుడే బేరం నిలుస్తుందని మన సంతల అనుభవం. గిట్టుబాటులో రెండు పక్షాల ఊసు వినిపిస్తుంది. లాభసాటిలో ఒక పక్షం మాత్రమే కనిపిస్తుంది.

చెప్పేది ఎంత? దాచేది ఎంత?

క్రియావిశేషణం చేయవలసిన పని, క్రియ ఏ తీరున జరిగిందో చెప్పడం. ‘నెమ్మదిగా నడిచాడు’ అంటే నడక తీరు కళ్లకు కడుతుంది. ‘శ్రద్ధగా చదివింది’ అంటే చదువు తీరు అర్థమవుతుంది. ‘లాభసాటిగా అమ్మాడు’ అంటే మాత్రం అమ్మకం తీరు మనకు ఏ మాత్రమూ తెలియదు. తూకం సరిగా వేశాడా? సరుకులోని లోపాన్ని చెప్పాడా? ఒట్టు పెట్టి అమ్మాడా? కొన్నవాని అవసరాన్ని ఆసరా చేసుకున్నాడా? వీటిలో ఏ ఒక్కదానికీ ఆ మాటలో జవాబు లేదు. చివరికి ఎంతో కొంత మిగిలిందన్న ఫలితం ఒక్కటే అందులో ఉన్నది.

తీరును చెప్పవలసిన మాట ఫలితాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవడమే ఇక్కడి చిక్కు. వినేవారు కూడా ఫలితం తెలిసింది కనుక తీరు తెలిసినట్లేనని తృప్తిపడతారు. న్యాయంగా, నిజాయితీగా, పరస్పర సమ్మతితో అన్న మాటలు పక్కన లేకుండా ‘లాభసాటిగా’ అన్న మాట ఒంటరిగా వచ్చినప్పుడల్లా విశ్వాసి ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది.

ఫాయిదా, మునాఫా, బర్కత్

తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ కూడా వినిపించే మన ఇళ్లలో ఇదే భావానికి మరికొన్ని మాటలు ఉన్నాయి. ‘మునాఫా’ అంటే వ్యాపారంలో మిగులు. ‘ఫాయిదా’ అంటే ఏ విధమైన ప్రయోజనమైనా సరే. మందు వాడితే ఫాయిదా, పెద్దల మాట వింటే ఫాయిదా. అరబ్బీ నుంచి వచ్చిన ఈ పదానికి నేటి అరబ్బీ బ్యాంకు వ్యవహారాలలో వడ్డీ అన్న అర్థం కూడా ఏర్పడింది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవారిలో చాలామందికి ఇది తెలుసు. ఇంట్లో మేలు అన్న అర్థంలో పలికే మాటే బ్యాంకు కాగితం మీద వడ్డీ అయి కూర్చున్నది. మాటను చూసి వస్తువును నమ్మరాదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

మూడవ మాట ‘బర్కత్’. లెక్కల పుస్తకంలో దీనికి గడి లేదు. సంపాదన కొద్దిపాటిదైనా ఇల్లు ప్రశాంతంగా గడవడం, పిల్లలు దారిన పడడం, అప్పు లేకుండా నిద్ర పట్టడం, వచ్చిన అతిథికి అన్నం పెట్టగలగడం; వీటన్నింటినీ మన పెద్దలు బర్కత్ అన్న ఒక్క మాటలో చెప్పేవారు. లాభసాటిగా నడిచే దుకాణంలో బర్కత్ లేకపోవచ్చు. సాధారణంగా నడిచే దుకాణంలో అది నిండుగా ఉండవచ్చు. అమ్మేవారూ కొనేవారూ సత్యం పలికి, లోపాలను వెల్లడించుకుంటే వారి వ్యవహారంలో శుభం కలుగుతుందనీ, అబద్ధమాడి లోపాలను దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించారు.

లాభం తప్పు కాదు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి లాభం ఆశించడమే దోషమని ఎవరూ భావించరాదు. జుమా నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి దైవానుగ్రహాన్ని అన్వేషించమని దివ్య ఖుర్ఆన్ ఆదేశించింది. సంపాదనను దైవానుగ్రహమని పేర్కొన్న ధర్మం లాభాన్ని అసహ్యించుకోదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఖదీజా (రజి) సరుకు తీసుకొని సిరియా దేశానికి వెళ్లి వ్యాపారం చేసి వచ్చారు. మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి అన్సారీ సోదరులు హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన దానిని వినయంగా తిరస్కరించి బజారుకు దారి చూపమని అడిగారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగుతో మొదలైన ఆ వ్యాపారం ఆయనను మదీనా సంపన్నులలో ఒకరిగా నిలిపింది.

హజ్రత్ ఉర్వా అల్ బారిఖీ (రజి) వృత్తాంతం మరింత స్పష్టమైనది. ఒక గొర్రె కొనుక్కురమ్మని దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొన్నారు. ఒకదానిని ఒక దీనారుకు అమ్మి, మిగిలిన గొర్రెనూ దీనారునూ తెచ్చి ఇచ్చారు. పెట్టిన సొమ్ము పెట్టినట్లే తిరిగి వచ్చింది, గొర్రె లాభం. దైవప్రవక్త (స) దానిని ఆక్షేపించలేదు సరికదా, ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు. ఆ తరువాత ఆయన మట్టి కొన్నా లాభమే వచ్చేదని చెప్పుకునేవారు.

కనుక ధర్మం ప్రశ్నించేది లాభం ఎంత అని కాదు. అది ఏ తీరున వచ్చిందని. అరబ్బీలో వ్యాపార లాభాన్ని ‘రిబ్హ్’ అంటారు, వడ్డీని ‘రిబా’ అంటారు. తెలుగు లిపిలో రాస్తే ఈ రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కాని అవి వేరువేరు ధాతువుల నుంచి వచ్చిన పదాలు. వ్యాపారం కూడా వడ్డీ వంటిదే కదా అని వాదించేవారికి దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా 275వ ఆయత్‌లో సూటిగా జవాబిచ్చింది. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేశాడు, వడ్డీని నిషేధించాడు. రెండూ ‘లాభసాటిగా’ ఉండవచ్చు. అయినా వాటి మధ్య హలాల్‌కూ హరామ్‌కూ ఉన్నంత దూరం ఉన్నది.

మొదటి ప్రశ్న: ఎవరికి లాభసాటిగా?

సరుకుతో వస్తున్న పల్లె జనాన్ని ఊరి బయటే ఎదురేగి, బజారు ధర వారికి తెలియకముందే కొనుగోలు చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. కొన్నవానికి అది ఎంతో లాభసాటి వ్యవహారం. అమ్మినవానిని ఎవరూ బలవంతపెట్టలేదు కూడా. అయినా ఒకరి తెలియనితనం నుంచి పుట్టిన లాభాన్ని ధర్మం అంగీకరించలేదు. ధర తెలియక దళారికి పంట అప్పగించే మన రైతు సంగతి ఈ హదీసు వెలుగులో చూస్తే ఎంతో అర్థమవుతుంది.

బస్రా నగరంలో యూనుస్ బిన్ ఉబైద్ అనే వస్త్రవ్యాపారి ఉండేవారు. ఆయన తాబియీలలో ఒకరు. ఆయన దుకాణంలో నాలుగు వందలకు అమ్మే వస్త్రాలూ ఉండేవి, రెండు వందలకు అమ్మేవీ ఉండేవి. ఒకరోజు సోదరుని కుమారుణ్ణి దుకాణంలో కూర్చోబెట్టి ఆయన నమాజుకు వెళ్లారు. అంతలో ఒక పల్లెవాసి వచ్చి నాలుగు వందల వస్త్రం అడిగాడు. కుర్రవాడు రెండు వందల వస్త్రం చూపాడు. అతనికి అది నచ్చింది. నాలుగు వందలు ఇచ్చి, వస్త్రం చేతిపై వేసుకొని బయలుదేరాడు. దారిలో యూనుస్ ఎదురై తన వస్త్రాన్ని గుర్తుపట్టి ధర అడిగారు. విషయం తెలుసుకొని, అది రెండు వందలకు మించి విలువ చేయదనీ, వెనక్కి రమ్మనీ అన్నారు. మా ప్రాంతంలో ఇది ఐదు వందలు పలుకుతుంది, నాకు సమ్మతమేనని ఆ పల్లెవాసి చెప్పినా వినలేదు. వెంట తీసుకువెళ్లి రెండు వందలు తిరిగి ఇచ్చారు. అతడు ఇష్టపడే కొన్నాడని కుర్రవాడు సమర్థించుకోబోగా, నీ కోసం నీవు ఇష్టపడేదాన్నే అతని కోసం ఎందుకు ఇష్టపడలేదని మందలించారు. ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో ఈ ఉదంతాన్ని పొందుపరిచారు.

ఆ కుర్రవాడు నిస్సందేహంగా లాభసాటిగానే అమ్మాడు. యూనుస్ అడిగినది, ఆ లాభంలో ఎదుటి మనిషి ఎక్కడ ఉన్నాడని.

రెండవ ప్రశ్న: ఏ తీరున?

దైవప్రవక్త (స) ఒకసారి మదీనా బజారులో ధాన్యపు రాశి వద్ద ఆగి అందులో చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. పైన ఎండుగింజలు, అడుగున తడిగింజలు అన్నది నేటికీ మారని విద్యే. పండ్ల పెట్టెలో పైవరుస, వాడిన వాహనానికి కొత్త రంగు, మాంసం దుకాణంలో త్రాసు కింద వేలు. రూపాలు మారాయి, తడి మారలేదు.

ఒట్టు పెట్టి సరుకు అమ్మడం కూడా ఈ కోవలోనిదే. ఒట్టు సరుకును చెల్లిస్తుంది గాని శుభాన్ని తుడిచివేస్తుందని హదీసు బోధిస్తుంది. కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని, కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని 83వ సూరా తొలి ఆయత్‌లు హెచ్చరిస్తున్నాయి.

ఇమామ్ అబూ హనీఫా (హిజ్రీ 80–150) కూఫా నగరంలో పట్టువస్త్రాల వర్తకులు. ఒకసారి వ్యాపార భాగస్వామికి సరుకు అప్పగిస్తూ, అందులో ఒక వస్త్రానికి లోపం ఉన్నదనీ, కొనేవానికి చెప్పి అమ్మమనీ సూచించారు. భాగస్వామి చెప్పడం మరచి అమ్మివేశారు. కొన్నవాడెవరో కూడా తెలియలేదు. అప్పుడు ఇమామ్ ఆ సరుకుపై వచ్చిన సొమ్మునంతా దానం చేశారని చరిత్రకారులు పేర్కొన్నారు. ఫిఖహ్‌కు పునాదులు వేసిన ఆ మహనీయునికి దుకాణం కూడా ధర్మాధర్మ విచక్షణ చేసే పీఠమే.

మూడవ ప్రశ్న: ఏ హామీతో?

ఇటీవలి కాలంలో మన కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఈ మూడవ ప్రశ్నను అడగకపోవడమే. లక్ష రూపాయలు పెడితే నెలనెలా మూడు వేలు తప్పక ఇస్తాము, ఇది వడ్డీ కాదు, హలాల్ లాభమే అని ఎవరో వచ్చి చెబుతారు. గడ్డం, టోపీ, ఖుర్ఆన్ ఆయత్ రాసిన కరపత్రం చూసి మనవారు నమ్ముతారు. మొదటి నెలలు డబ్బు వస్తుంది కూడా. ఆ వచ్చిన డబ్బే మరో పదిమందిని రప్పిస్తుంది.

ఇక్కడ ఫిఖహ్ పండితులు చెప్పిన ‘ముజారబా’ నియమాన్ని ప్రతి ఇల్లాలూ, ప్రతి యువకుడూ తెలుసుకోవాలి. ఒకరు పెట్టుబడి పెడతారు, మరొకరు శ్రమ చేస్తారు. లాభాన్ని ముందుగా అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. పని చేసేవానికి 60 పాళ్లు, పెట్టుబడి పెట్టినవానికి 40 పాళ్లు అనుకున్నారనుకుందాము. నెలకు 20,000 లాభం వస్తే 12,000 ఒకరివి, 8,000 మరొకరివి. ఐదు వేలే వస్తే 3,000, 2,000. నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాని సొమ్ము తరుగుతుంది, పని చేసినవాని శ్రమ వృథా అవుతుంది. అయితే అతని నిర్లక్ష్యమో ద్రోహమో అందుకు కారణమైతే అతడే బాధ్యుడు. వచ్చినదాంట్లో వాటా అన్నది లాభం. వచ్చినా రాకున్నా ఇంత అన్నది వడ్డీ. లక్షకు నెలకు మూడు వేలంటే మన బజారు భాషలో మూడు రూపాయల వడ్డీ, ఏడాదికి నూటికి 36. పేరు మార్చినంత మాత్రాన అది వ్యాపార లాభం కాజాలదు.

గొలుసుకట్టు పథకాల లెక్క ఇంకా విచిత్రమైనది. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలన్నది నియమం అనుకుందాము. మొదటి మెట్టులో 5 మంది, రెండవ మెట్టులో 25, మూడవ మెట్టులో 125. ఇలా పోతే పదమూడవ మెట్టులోనే 122 కోట్లకు పైగా మనుషులు కావాలి. అంతమంది ఎక్కడ దొరుకుతారు? కనుక కూలిపోవడం ఈ పథకానికి జరిగే ప్రమాదం కాదు. దాని నిర్మాణంలోనే ఉన్న ముగింపు. పైమెట్టున ఉన్నవారికి లాభసాటిగా ఉన్నదంటే, కిందిమెట్టున ఉన్నవారి సొమ్ము పైకి వెళుతున్నదని మాత్రమే అర్థం. మన దేశంలో ఇటువంటి డబ్బు గొలుసులను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. అనుమతి లేని డిపాజిట్ పథకాలపై 2019లో మరో చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, కూతురి పెళ్లికని దాచిన సొమ్ము పోయిన తరువాత దానిని రాబట్టుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. అందువల్ల సొమ్ము పెట్టే ముందు మూడు విషయాలు అడగాలి. వ్యాపారం ఏమిటి? లెక్కలు చూపుతారా? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? మూడవ ప్రశ్నకు ‘నష్టమే రాదు’ అన్న జవాబు వస్తే, అక్కడి నుంచి లేచి రావడమే మేలు.

నాలుగవ ప్రశ్న: ఏది కోల్పోయి?

ఈ మాట బజారులోనే ఉంటే చిక్కు కొంత తక్కువ. అది ఇంట్లోకి కూడా వచ్చింది. పెళ్లి సంబంధం లాభసాటిగా ఉన్నదని ఎవరూ నోటితో అనరు. కాని జోడే కీ రఖమ్ ఎంత, బండి ఇస్తారా, వలీమా ఖర్చు ఎవరిదన్న చర్చలన్నీ ఆ మాటకు రూపాంతరాలే. వరుడు సంతోషంగా మహర్ ఇవ్వాలన్నది నాలుగవ సూరా ఆదేశం. ఇవ్వవలసినవాడు పుచ్చుకునేవాడుగా మారి, పుచ్చుకోవలసిన ఆడపిల్ల తండ్రి అప్పులపాలవుతుంటే, ఆ ఇంట్లో మిగిలినది లాభమా? 1961 నుంచి దేశ చట్టం కూడా వరకట్నాన్ని నిషేధిస్తున్నది. రెండు చట్టాలను అతిక్రమించి తెచ్చుకున్న సొమ్ముతో మొదలైన సంసారంలో శుభం కోసం ప్రార్థించడం ఏ విధంగా సబబో ఆలోచించాలి.

తండ్రి చనిపోయిన తరువాత ఆస్తి పంపకాలు మరో సందర్భం. తల్లిదండ్రులు, సమీప బంధువులు విడిచివెళ్లినదాంట్లో పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ ఉన్నదనీ, అది కొద్దిదైనా ఎక్కువైనా నిర్ణీత వాటాయేననీ ఖుర్ఆన్ స్పష్టం చేసింది. కుమారుని వాటాలో సగం కుమార్తెకు చెందుతుంది. అయినా అక్కచెల్లెళ్ల చేత ఒక కాగితంపై సంతకం పెట్టించుకొని, పండుగకు ఒక చీర పెట్టి సరిపుచ్చే సోదరులు మన మధ్య లేరా? పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో ఆమె ‘నాకేమీ వద్దు భాయ్’ అంటుంది. ఆ భయం నుంచి వచ్చిన మాటను మనస్ఫూర్తి సమ్మతిగా లెక్కించడం లాభసాటిగా ఉండవచ్చు, ధర్మం మాత్రం కాదు.

దుకాణం మూసే వేళ లేక పిల్లల ముఖం చూడని తండ్రి, పెద్దాసుపత్రి ఖర్చుకు వెనుకాడి తల్లి వైద్యాన్ని వాయిదా వేసే కుమారుడు, కూలివానికి రెండు రోజుల జీతం ఎగవేసి గోడ ఎత్తు పెంచుకునే యజమాని. వీరందరి లెక్కలలో లాభం కనిపిస్తుంది. కోల్పోయినదాన్ని రాసే పుట మాత్రం ఖాళీగా ఉంటుంది.

లాభమని పేరు పొందినవి

దివ్య ఖుర్ఆన్‌లో లాభాన్ని సూచించే ‘రిబ్హ్’ ధాతువు ఒకే ఒక్కచోట, రెండవ సూరా 16వ ఆయత్‌లో వచ్చింది. అది కూడా లాభం కలగలేదని చెప్పే సందర్భంలో. సన్మార్గాన్ని ఇచ్చి మార్గభ్రష్టతను కొనుక్కున్న కపటుల వర్తకం వారికి ఏ లాభమూ తేలేదని ఆ ఆయత్ చెబుతుంది. అరబ్బులు వర్తకజాతి. బేరం, తూకం, లాభం, నష్టం వారికి బాగా తెలిసిన భాష. ఆ భాషలోనే వారికి ఇహపరాల లెక్క నేర్పడం జరిగింది. ఖుర్ఆన్ పారాయణం చేస్తూ, నమాజు స్థాపిస్తూ, అల్లాహ్ ఇచ్చినదాంట్లోంచి గుప్తంగానూ బహిరంగంగానూ ఖర్చు చేసేవారు ఎన్నడూ దివాలా తీయని వర్తకాన్ని ఆశిస్తున్నారని 35వ సూరా అభివర్ణించింది.

దైవప్రవక్త (స) కాలంలో ‘లాభం’ అన్న బిరుదు పొందిన వ్యవహారాలు రెండింటిని ఇక్కడ స్మరించుకుందాము. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి) మక్కా నుంచి వలస బయలుదేరినప్పుడు ఖురైషులు అడ్డగించారు. ఇక్కడ సంపాదించినదంతా తీసుకొని వెళ్లనివ్వమన్నారు. సంపదంతా మీకే వదిలేస్తే దారి ఇస్తారా అని ఆయన అడిగారు. వారు సరేనన్నారు. ఆయన వట్టి చేతులతో మదీనా చేరారు. దైవప్రవక్త (స) ఆయనను చూసి బేరం లాభించిందని అభినందించారు. హజ్రత్ అబూ తల్హా (రజి)కి మసీదు ఎదుట ‘బైరుహా’ అనే తోట ఉండేది. తన ఆస్తిలో ఆయనకు అన్నింటికంటే ప్రియమైనది అదే. ప్రియమైనదాన్ని ఖర్చు చేయనంతవరకు పుణ్యాన్ని పొందలేరన్న ఆయత్ అవతరించగానే ఆ తోటను దానంగా సమర్పించారు. దైవప్రవక్త (స) దానిని లాభించే సంపద అని మెచ్చుకొని, బంధువులకు పంచమని సలహా ఇచ్చారు.

ఒకరి చేతిలో ఏమీ మిగలలేదు. మరొకరి చేతి నుంచి తోట వెళ్లిపోయింది. బజారు లెక్కలో రెండూ నష్టాలే. వారిద్దరూ అది ఎవరి లెక్కో తెలిసి బేరమాడారు. జకాత్ కూడా ఇటువంటి లెక్కే. లక్షకు రెండు వేల ఐదు వందలు తీసివేస్తే 97,500 మిగులుతుందని పలక మీద పిల్లవాడు చెబుతాడు. దానం వల్ల సంపద తరగదని దైవప్రవక్త (స) చెప్పారు. ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి గడువు ఇవ్వమనీ, మాఫీ చేస్తే మరింత మేలనీ ఖుర్ఆన్ చెప్పింది. వడ్డీ లేకుండా అప్పు ఇచ్చి, గడువు పొడిగించి, ఆ తరువాత దాని ఊసే ఎత్తని మనిషి లాభసాటిగా వ్యవహరించాడా లేదా అన్నది తీర్పు దినాన తేలుతుంది.

ఇంట్లో చేయదగిన పని

పిల్లలకు భాష నేర్పేటప్పుడు ఈ మాటను ఒంటరిగా నేర్పవద్దని మా సూచన. దానికి జంటగా మరొక క్రియావిశేషణాన్ని కూడా నేర్పుదాము. ‘న్యాయంగా, లాభసాటిగా.’ ‘నిజాయితీగా, లాభసాటిగా.’ మొదటి మాట తీరును చెబుతుంది, రెండవది ఫలితాన్ని చెబుతుంది. ఈ వరుస మారకూడదు. భోజనాల వేళ ఎవరైనా ఫలానా వ్యాపారం, ఫలానా పథకం, ఫలానా సంబంధం బాగుందని ప్రస్తావిస్తే ఇంటిల్లిపాదీ కలిసి నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎవరికి? ఏ తీరున? ఏ హామీతో? ఏది కోల్పోయి? ఈ ప్రశ్నలు వేయడానికి గొప్ప చదువులు అక్కరలేదు. తరచుగా ఇంటి ఇల్లాలే వీటిని ముందుగా అడుగుతుంది. ఆమె మాటను ఆడవారి భయమని తోసిపుచ్చకుండా వినగలిగితే ఎన్నో ఇళ్ల పొదుపు నిలుస్తుంది.

కాలం సాక్షిగా మానవుడు నష్టంలో ఉన్నాడని 103వ సూరా ప్రకటించింది. విశ్వసించి, సత్కార్యాలు చేసి, సత్యాన్నీ సహనాన్నీ ఒకరికొకరు బోధించుకునేవారిని మాత్రమే అది మినహాయించింది. మూడే ఆయత్‌ల ఈ సూరా మనలో చాలామందికి కంఠస్థమే. దుకాణం తాళం తీసేటప్పుడు ఒకసారి, రాత్రి లెక్క చూసుకునేటప్పుడు ఒకసారి దానిని అర్థంతో సహా జ్ఞాపకం చేసుకుంటే, ఆనాటి రాబడి లాభమో నష్టమో మనకే తెలిసిపోతుంది.

అల్లాహ్ మన సంపాదనను ధర్మసమ్మతం చేసి, అందులో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.